బోనులో ఎవరి మనసు?

స్త్రీల మీద హింస కేసు కోర్టుకొచ్చిన ప్రతిసారీ మనస్తత్వశాస్త్రం కూడా ఏదో ఒక వేషంలో ఆ గుమ్మం తొక్కుతుంది. ముద్దాయి తరఫు వకీలు 'మతిస్థిమితం లేదు' అంటాడు. ప్రాసిక్యూటరు 'మనిషి రూపంలో ఉన్న మృగం' అంటాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'నిజంగా జరిగితే అరవకుండా ఎందుకున్నావు?' అన్న ప్రశ్న వస్తుంది. మూడూ మనసు గురించిన మాటలే. మొదటిదానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. రెండోదానికి ఏమీ అక్కర్లేదు. మూడోది కూడా ఒక సిద్ధాంతమేనని చాలామందికి తోచదు.

ఈ తేడాకు మూలం చట్టంలోనే ఉంది. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 45వ సెక్షన్ నిపుణుల అభిప్రాయానికి తలుపు తీసింది. 114వ సెక్షన్ ఇంకో తలుపు. మనుషులు మామూలుగా ఎలా నడుచుకుంటారో దాన్నిబట్టి కోర్టు కొన్ని సంగతులు ఊహించుకోవచ్చు. కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇవే 39, 119 సెక్షన్లయ్యాయి. మొదటి తలుపులోంచి వచ్చే నిపుణుడు ప్రమాణం చేయాలి, ఎదుటి వకీలు ప్రశ్నలకు నిలబడాలి. జడ్జి సొంత మనస్తత్వశాస్త్రం రెండో తలుపులోంచి వచ్చి తిన్నగా తీర్పులో కూర్చుంటుంది. యాభై ఏళ్ల చర్చ చిక్కుపడ్డది నేరస్థుడి మనసు దగ్గర కాదు, ఈ రెండో తలుపు దగ్గర.

పుట్టుకలో వెతికినవాళ్లు

ముందు నేరస్థుడి మనసు గురించిన సిద్ధాంతాల సంగతి చూద్దాం. అవి మూడు పాయలు, మొదటిది పుట్టుకలో వెతికింది. ఇటలీ వైద్యుడు లాంబ్రోసో 1876లో నేరస్థుడి మీద పుస్తకం రాశాడు. దవడలు, చెవులు, నుదురు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్థులన్నాడు. మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం అంతదాకా కూడా ఆగలేదు. నేరస్థ జాతుల చట్టం 1871లోనే వచ్చింది, అంటే పుస్తకం కంటే చట్టమే అయిదేళ్లు పెద్దది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. ఆ తర్వాతే బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది, ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ కాపలాలో ఉంచారు. చట్టం 1952లో పోయింది. ఊరి పేరుకు అంటుకున్న మచ్చ అంత తేలిగ్గా పోలేదు.

తర్వాతి కాలపు జీవశాస్త్ర వాదాలు ఇంత మొరటుగా లేవు. 1964లో ఐసెంక్ వ్యక్తిత్వ లక్షణాలకు, నాడీవ్యవస్థకు, నేరానికి ముడిపెట్టాడు. 2000లో థార్న్‌హిల్, పామర్ అనే ఇద్దరు పరిశోధకులు అత్యాచారానికి పరిణామక్రమంలో మూలాలున్నాయని రాసి పెద్ద దుమారం లేపారు. మగవాడి స్వభావమే అంత అయితే చాలా సమాజాల్లో చాలామంది మగవాళ్లు ఆ పని ఎందుకు చేయరు? విమర్శకుల ఈ ప్రశ్నకు ఆ వాదం దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. భారతీయ కోర్టులు ఈ పాయను పెద్దగా పట్టించుకోలేదు. అది మంచికే జరిగింది.

జబ్బా, కసా, పెత్తనమా?

రెండో పాయ ఆస్పత్రిది, జైలుది. 1941లో క్లెక్లీ, ఆ తర్వాత రాబర్ట్ హేర్ 'సైకోపాత్' అనే మనిషిని వర్ణించారు. తియ్యగా మాట్లాడతాడు, జాలి ఉండదు, చేసినదానికి చింత ఉండదు. హేర్ పట్టికలో 20 అంశాలుంటాయి. ఒక్కోదానికి రెండు మార్కుల చొప్పున మొత్తం 40, అందులో 30, ఆపైన వస్తే ఆ ముద్ర వేస్తారు. 1979లో గ్రోత్ జైళ్లలోని అత్యాచార నేరస్థులను పరిశీలించి, వాళ్లను నడిపేది ముఖ్యంగా కామం కాదన్నాడు. కొందరిది కసి, కొందరిది పెత్తనం చాటుకునే కోరిక, కొద్దిమందిది ఎదుటివాళ్లను హింసించి ఆనందించే క్రౌర్యం. అంతకు నాలుగేళ్ల ముందే సుసాన్ బ్రౌన్‌మిల్లర్ స్త్రీవాదం వైపు నుంచి దాదాపు ఇదే మాట అన్నది. అయితే ఆమె వేలు చూపింది నలుగురు రోగుల మీదికి కాదు, మొత్తం పురుష వ్యవస్థ మీదికి.

చట్టం ఈ వర్గీకరణలన్నిటినీ ఒక్క ప్రశ్నకు కుదిస్తుంది. ఆ క్షణాన తను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో అతనికి తెలుసా? ఇంగ్లండులో 1843 నాటి మెక్‌నాటెన్ సూత్రం నుంచి భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్‌కు, అక్కణ్నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌కు వచ్చిన ప్రశ్న ఇది. దీనిమీద ఇప్పటికీ కోర్టులు ఉటంకించే తీర్పు ఒక భార్య హత్య కేసులోదే. గుజరాత్‌కు చెందిన దహ్యాభాయ్ 1959లో ఒక రాత్రి తలుపు గడియ పెట్టి భార్యను పొడిచాడు. ఆమె కేకలకు ఇరుగుపొరుగు చేరారు. ఆమె ఒంటి మీద 44 కత్తిగాయాలు. పిచ్చిలో చేశాడని వాదించారు. 1964లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముందు ఎలా ఉన్నాడు, తర్వాత ఎలా ఉన్నాడు అన్నవి ఆసరాలే కాని, తేల్చాల్సింది పొడిచిన వేళ అతని స్థితి ఏమిటన్నది. ఆ రుజువు భారం అతనిదే, కాకపోతే ప్రాసిక్యూషన్ మోయాల్సినంత బరువు ఉండదు. తర్వాతి తీర్పులు దీన్ని ఇంకా బిగించాయి. విపరీత స్వభావం, ముక్కోపం, సైకోపాత్ లక్షణాలు మినహాయింపు కిందికి రావని చెప్పాయి. వైద్యుడి పిచ్చి వేరు, చట్టం పిచ్చి వేరు.

ఇంత కచ్చితంగా కొలిచే కోర్టులే శిక్ష దగ్గరికి వచ్చేసరికి 'మృగం', 'రాక్షసుడు' అనే మాటలు ఉదారంగా వాడతాయి. ఆ మాటల వెనక కూడా ఒక సిద్ధాంతం ఉంది. నేరస్థుడు మనలాంటివాడు కాడు అన్నది దాని సారం. లెక్కలు మరోలా ఉన్నాయి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో స్త్రీల మీద నేరాల కేసులు సుమారు 4.45 లక్షలు. వాటిలో అన్నిటికంటే పెద్ద వాటా, 31 శాతానికి పైగా, భర్త లేదా అత్తింటివారి క్రూరత్వానిది. అత్యాచారం కేసుల్లోనూ నిందితుల్లో అత్యధికులు ఆమెకు ముందే తెలిసినవాళ్లు. మృగాలు ఇన్ని ఇళ్లలో కాపురాలు చేయవు.

చూసి నేర్చుకున్న హింస

ఆ ఇళ్ల సంగతి మాట్లాడేది మూడో పాయ. 1961లో బందూరా స్టాన్‌ఫర్డ్‌లో చిన్నపిల్లల ముందు ఒక గాలిబొమ్మను పెద్దవాళ్ల చేత కొట్టించాడు. చూసిన పిల్లలు అదే దెబ్బలు, అదే మాటలతో బొమ్మను కొట్టారు. హింస పుట్టుకలో రాదు, కళ్లలోంచి వస్తుందన్న వాదానికి అది పునాది. సైక్స్, మాట్జా 1957లో మరో సంగతి గమనించారు. తప్పు చేసేవాడికి అది తప్పని తెలుసు. తెలిసీ, మనసు నొచ్చకుండా అయిదు సాకులు సిద్ధం చేసుకుంటాడు. నా చేతిలో లేదు, పెద్ద నష్టమేం జరగలేదు, ఆమెకు అలాగే కావాలి, నన్ను వేలెత్తి చూపేవాళ్లేం పత్తిత్తులా, నావాళ్ల కోసం చేశాను. డయానా స్కల్లీ వర్జీనియా జైళ్లలో 114 మంది అత్యాచార ఖైదీలతో మాట్లాడి 1990లో పుస్తకం తెచ్చింది. నిండా ఇవే సాకులు. మన దగ్గర మధుమితా పాండే తీహార్ జైల్లో ఇలాంటి ఖైదీలను వందమందికి పైగా కలిసి మాట్లాడింది. 2015లో లెస్లీ ఉడ్విన్ తీసిన డాక్యుమెంటరీలో 2012 ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసు దోషి తప్పంతా చనిపోయిన అమ్మాయి మీదికే తోశాడు. దేశం నివ్వెరపోయింది. స్కల్లీ పుస్తకం చదివినవాళ్లకు అందులో కొత్తదనం కనపడదు.

ఈ సాకులు జైళ్లలో తయారవవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో దాదాపు 84 శాతం. దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం లేదు. చెప్పిందెవరో కూడా చూడాలి: కొట్టేవాళ్లు కాదు, దెబ్బలు పడే వైపు ఉన్నవాళ్లు.

మూడు పాయలూ ఎక్కడ విడిపోతాయో చూడాలంటే ఒకే ఘటన మీద నిలబెట్టాలి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. మొదటి పాయవాళ్లు నిందితుల దూకుడు స్వభావాన్ని పట్టుకుంటారు, అలాంటివాళ్లను ముందే పసిగట్టి దూరం పెట్టాలంటారు. రెండో పాయ 'కాదన్నందుకు' రగిలిన కసిని, చిన్నబోయిన అహాన్ని చూస్తుంది, చికిత్స మాట ఎత్తుతుంది. మూడో పాయ కాలేజీ గేటు దాకా నడిచొస్తుంది. 'వెంటపడితే ఒప్పుకుంటుంది' అని ఎన్ని తెలుగు సినిమాలు పాఠం చెప్పాయో లెక్క అడుగుతుంది. ముగ్గురి దగ్గరా కొంత నిజం ఉంది. మూడో పాయకూ లోటుంది. అవే సినిమాలు చూసిన లక్షలమంది యాసిడ్ సీసా ఎందుకు పట్టలేదో అది చెప్పలేదు. వాదనలు వినే అవకాశం ఏ కోర్టుకూ రాలేదు, ముగ్గురు నిందితులూ రోజుల వ్యవధిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. యాసిడ్ దాడి, వెంటపడటం విడి నేరాలుగా శిక్షాస్మృతిలోకి ఎక్కడానికి 2013 దాకా పట్టింది.

ఆమె ఎలా ఉండాలి?

ఇక్కణ్నుంచి చర్చ తలకిందులవుతుంది. ఇంతవరకూ ప్రశ్న అతని గురించి. కోర్టు హాల్లో గంటలు గడిచేది మాత్రం ఆమె గురించి.

దీనికీ ఒక శాస్త్రీయ ముసుగు దొరికింది. 1971లో మెనాకెమ్ అమీర్ ఫిలడెల్ఫియా పోలీసు రికార్డుల్లోని 646 కేసులు చూసి, 19 శాతంలో 'బాధితురాలే ప్రేరేపించింది' అన్నాడు. ప్రేరేపించడమంటే ఏమిటి? ముందు సరేనని తర్వాత వద్దనడం, గట్టిగా ఎదిరించకపోవడం, మాటల్లో చేతల్లో సంకేతం ఇచ్చినట్టు అవతలివాడికి అనిపించడం. అతనికి అనిపించినదాన్ని ఆమె ఖాతాలో రాశాడన్నమాట. 1980లో మార్తా బర్ట్ ఇలాంటి నమ్మకాలను 'అత్యాచార అపోహలు' అని పేరుపెట్టి కొలిచింది.

సరిగ్గా ఆ పదేళ్లలోనే మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్ కేసు నడిచింది. 1972 మార్చిలో ఒక ఆదివాసీ అమ్మాయిని స్టేషన్‌లో ఆపేసి, అక్కడి కానిస్టేబుల్ అత్యాచారం చేశాడన్నది అభియోగం. సెషన్స్ కోర్టు ఆమెను అబద్ధాలకోరు అన్నది, ఆమెకు అలవాటేనన్నది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి మాత్రం ఒక సున్నితమైన గీత గీసింది. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. 1978లో సుప్రీంకోర్టు ఆ గీత చెరిపేసింది. ఒంటి మీద గాయాల్లేవు, కేక వేయలేదు, కాబట్టి సమ్మతి ఉన్నట్టే. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. తెలుగు నేల మీద అప్పటికే మంట రగిలి ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళ మీద అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు రాయచూరుకు మారింది, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన కేసుల్లో ఆమె 'ఒప్పుకోలేదు' అంటే కోర్టు అదే నిజమని మొదట భావించాలి.

అదే ఏడాది భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో జస్టిస్ ఠక్కర్ బాధితురాలికి అండగా నిలబడ్డారు. ఆమె మాటకు వేరే ఆధారం కోసం పట్టుబట్టడం గాయం మీద కారం చల్లడమేనన్నారు. అందుకు చూపిన కారణం మాత్రం చిత్రమైనది. పాశ్చాత్య స్త్రీ డబ్బుకో కక్షకో అబద్ధం చెప్పవచ్చు, పరువుకు ప్రాణమిచ్చే భారతీయ స్త్రీ చెప్పదు. తీర్పు స్త్రీలకు మేలు చేసింది. ఆ తీర్పులోని 'భారతీయ స్త్రీ' తర్వాత చాలామందికి కీడు చేసింది. పరువు కోసం చచ్చేంత సిగ్గుపడే ఆ బొమ్మకు సరిపోని మనిషి బోనెక్కితే ఏమవుతుంది?

ఏమైందో రికార్డుల్లో ఉంది. 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బాధితురాలి వాంగ్మూలాన్ని గాయపడ్డ సాక్షి మాటతో సమానంగా చూడాలని, నడతను తవ్వొద్దని చెప్పింది. 2003లో నడత మీద దాడికి వీలిచ్చే నిబంధన చట్టంలోంచి పోయింది. అయినా 2016లో రాజా కేసులో అదే కోర్టు ఆమె ప్రవర్తన బలాత్కారానికి గురైన మనిషి ప్రవర్తనలా లేదన్నది. 2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు బెయిలు ఉత్తర్వు ఇంకా దూరం వెళ్లింది. ఆ రాత్రి పదకొండు గంటలకు ఆఫీసుకు ఎందుకు వెళ్లింది? తాగడానికి ఎందుకు అభ్యంతరం చెప్పలేదు? ఘటన తర్వాత అలిసిపోయి నిద్రపోయానన్నది, మన ఆడవాళ్లు అలా చేయరు! గగ్గోలు లేచాక నిద్ర గురించిన మాటలు ఉత్తర్వులోంచి తీసేశారు.

శాస్త్రం ఏం చెబుతోంది? 1974లో బర్జెస్, హోమ్‌స్ట్రమ్ అత్యాచార బాధితుల్లో కొందరు ఏడ్చి వణికితే, కొందరు బయటికి ఏమీ జరగనట్టు నిబ్బరంగా కనిపిస్తారని నమోదు చేశారు. 2017లో స్టాక్‌హోమ్ అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, 70 శాతం మంది ఆ సమయంలో శరీరం కొయ్యబారి కదలలేని స్థితికి గణనీయంగా లోనయ్యారని తేలింది. పాముని చూసిన కప్పలా అనే మాట మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. కోర్టుకు మాత్రం ఆ జ్ఞానం అందడానికి ఆలస్యమైంది. 2013 సవరణ కేవలం ప్రతిఘటన లేనంత మాత్రాన సమ్మతి కాదని చట్టంలోనే రాసింది.

2021 మార్చిలో అపర్ణా భట్ కేసు వచ్చింది. నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిలు షరతు పెడితే, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, జడ్జీలు వాడకూడని మూస ఊహలను ఏకరువు పెట్టింది. 2023లో ఏకంగా ఒక చేతిపుస్తకమే తెచ్చింది. దానిలోనూ ఒక చిక్కుంది. పాత మూసను తీసి 'నిజమైన బాధితురాలు కొయ్యబారిపోతుంది' అనే కొత్త మూసను పెడితే, ఎదిరించి కొట్టిన మనిషి రేపు అనుమానం పాలవుతుంది. 'బాధితుల లక్షణ సముదాయం' అనే భావన మీద మనస్తత్వ శాస్త్రవేత్తల్లోనే ఉన్న అభ్యంతరం ఇది. దాన్ని తోసిపుచ్చలేం.

నాలుగు గోడల మధ్య

గృహహింస విషయంలో సిద్ధాంతాలు కాస్త ముందున్నాయి. 1979లో లెనోర్ వాకర్ హింసకు ఒక చక్రం ఉందని చూపింది: ఉద్రిక్తత పెరగడం, దెబ్బలు, ఆ తర్వాత బుజ్జగింపు. సెలిగ్‌మన్ 'నేర్చుకున్న నిస్సహాయత'ను కలుపుకుని, ఆమె ఎందుకు వదిలిపోదో వివరించింది. 1990లో కెనడా సుప్రీంకోర్టు లవాలీ కేసులో సైకియాట్రిస్టు సాక్ష్యాన్ని అంగీకరిస్తూ, ఈ విషయంలో మామూలు మనుషుల ఇంగితం దారి తప్పగలదని, అందుకే నిపుణుడు అవసరమని చెప్పింది. మొదటి తలుపు పని చేసిన తీరు అది.

మన దగ్గర ఆ పనికి జానపద కథ ఉపయోగపడింది. 1989లో మద్రాసు హైకోర్టు సుయంబుక్కని కేసులో, భర్త హింస భరించలేక పిల్లలతో బావిలో దూకి తను మాత్రం బతికిన తల్లి గురించి తమిళుల నల్లతంగాళ్ కథను తలుచుకుంది. కోపం ఒక్క క్షణంలో రేగకపోవచ్చు, ఏళ్ల తరబడి పేరుకోవచ్చు అని ఒప్పుకుంది. 2013లో గౌహతి హైకోర్టు మంజు లాక్రా కేసులో, కొట్టే భర్తను చంపిన భార్య నేరాన్ని అదే దారిలో హత్య కంటే తగ్గించింది. ఇవి చెదురుమదురు దీపాలే.

భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని శిక్షించే శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ దగ్గర సుప్రీంకోర్టుది ఊగిసలాట. 2017లో రాజేశ్ శర్మ కేసులో అరెస్టుకు ముందు కుటుంబ సంక్షేమ కమిటీలన్నారు, 2018లో అది మా పని కాదని వెనక్కు తీసుకున్నారు. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులో దుర్వినియోగం మీద హెచ్చరించారు. 2025 జూలైలో అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను సుప్రీంకోర్టు ఆమోదించడంతో రెండు నెలలు అరెస్టు చేయకుండా ఆగే నియమం, ఆ కమిటీలు మళ్లీ వచ్చాయి. వాకర్ చక్రాన్ని నమ్మితే ఆ రెండు నెలలు బుజ్జగింపు కాలానికి, లేదా మరో దెబ్బకు సరిపోతాయి. మైకేల్ జాన్సన్ 1995లో చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. తగాదా ముదిరి చేయి లేవడం వేరు, ఒకరు మరొకరిని నిత్యం గుప్పిట్లో పెట్టుకోవడానికి కొట్టడం వేరు. మొదటిదానికి రాజీ కుదరవచ్చు, రెండోదానికి రాజీ ప్రమాదం. ఏది ఏదో తేల్చే పని ఆ కమిటీలకు ఎవరు నేర్పుతారు?

ఉరికంబం ముందు మనసు

ముద్దాయి మనసుకు కోర్టు నిజంగా చోటిచ్చింది శిక్ష దగ్గరే. 1980లో బచన్ సింగ్ కేసు ఉరిని అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకు కుదించింది. అతను మారడని, సమాజానికి ప్రమాదంగానే ఉంటాడని ప్రభుత్వమే సాక్ష్యంతో చూపాలన్నది. మూడేళ్లకే మచ్చీ సింగ్ కేసు చూపును మనిషి మీంచి నేరం మీదికి, సమాజం ఆగ్రహం మీదికి తిప్పింది. అప్పట్నుంచి రెండు దారులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. మూడేళ్ల పాప అత్యాచారం, హత్య కేసులో రాజేంద్ర వాస్నిక్‌కు 2012లో ఉరి ఖాయం చేసిన సుప్రీంకోర్టే, 2018లో అతను మారే అవకాశాన్ని ఎవరూ పరిశీలించలేదని శిక్ష తగ్గించింది. ఆరేళ్లలో మారింది నేరం కాదు, కోర్టు అడిగిన ప్రశ్న. 2019లో జస్టిస్ ఎన్.వి.రమణ రాసిన తీర్పు, శిక్ష పడ్డాక వచ్చిన తీవ్ర మానసిక వ్యాధి కూడా ఉరిని తగ్గించే కారణమేనన్నది. 2022 మేలో మనోజ్ కేసులో, ముద్దాయి మానసిక స్థితి నివేదికను విచారణ దశలోనే ప్రభుత్వం కోర్టు ముందు పెట్టాలని ఆదేశించారు.

బయట వేగం వేరు. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాప అత్యాచారం, హత్య కేసులో రెండు నెలలు తిరగకముందే ఉరిశిక్ష పడింది, నవంబరులో హైకోర్టు యావజ్జీవానికి మార్చింది. ఆ నెలాఖరులోనే శంషాబాద్ దగ్గర ఒక యువతి మీద అత్యాచారం, హత్య. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. అదే డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లు ఆమోదించింది. ఇరవై ఒక్క రోజుల్లో ఏ సైకియాట్రిస్టు ఎవరి మనసు చదువుతాడు? ముప్పై రోజుల్లోపే 80 వేల సూచనలు చదివి ఉరినీ, రసాయనాలతో పుంస్త్వం పోగొట్టడాన్నీ వద్దన్న జస్టిస్ వర్మ కమిటీ నివేదిక అప్పటికి దాదాపు ఏడేళ్ల పాతది. 2012 ఢిల్లీ ఘటన తర్వాత వేసిన కమిటీ అది.

తేలనివి

16 నుంచి 18 ఏళ్లవాళ్ల సంగతి తేలలేదు. 2015 బాలనేరస్థుల చట్టం, ఘోర నేరమైతే వాళ్ల మానసిక సామర్థ్యాన్ని అంచనా వేసి పెద్దలుగా విచారించవచ్చన్నది. 2022 హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లలో నలుగురిని అలా విచారించాలని బోర్డు నిర్ణయించింది. యవ్వనంలో మొదలై యవ్వనంతోనే ఆగిపోయే నేరప్రవర్తన ఒకటి, జీవితాంతం సాగేది మరొకటి అని టెరీ మోఫిట్ 1993లో చెప్పింది. ఎదురుగా ఉన్న కుర్రాడు ఏ కోవకు చెందుతాడో ఒక్క ఇంటర్వ్యూలో తేల్చే పరీక్ష లేదు.

వైవాహిక అత్యాచారం మరో ముడి. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు దారులు పట్టారు. భర్తకు అత్యాచార నేరం నుంచి చట్టం ఇచ్చిన మినహాయింపును సమర్థించిన జడ్జి, అపరిచితుడి దాడికి గురైన స్త్రీ పడే మానసిక వేదనతో, ఇష్టం లేకున్నా భర్తతో గడపాల్సి వచ్చిన భార్య వేదనను సమానం చేయలేమని తూకం వేశారు. డయానా రస్సెల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 930 మంది స్త్రీలను కలిసి 1982లో ఇదే తూకం వేసి చూసింది. పెళ్లయినవాళ్లలో 14 శాతం మంది భర్త లేదా మాజీ భర్త బలాత్కారానికి గురైనవాళ్లే. అది తమ జీవితాన్ని దీర్ఘకాలం దెబ్బతీసిందని చెప్పినవాళ్లు వాళ్లలో తక్కువమందేం కాదు. ఢిల్లీ తీర్పు మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు చేరాయి. కొత్త న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఆ మినహాయింపు అలాగే ఉంది, కాకపోతే భార్యకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి.